ఇంటి ధ్వనిముద్రణలో శబ్దస్థాయి, రొద నివారణ: కామవరపుకోట మెట్ట గ్రామాల నేపథ్యం

కీలక పదాలు: ధ్వనిముద్రణ, గెయిన్, క్లిప్పింగ్, రొద, మాండలిక పరిశోధన, మౌఖిక సాహిత్యం.

ఉపోద్ఘాతం

మౌఖిక సాహిత్యాన్నీ మాండలికాన్నీ సేకరించే పరిశోధకులకు స్టూడియో అందుబాటులో ఉండదు. పాట తెలిసిన ముసలమ్మ ఇంటి వసారాయే వారి స్టూడియో. ఏలూరు జిల్లా కామవరపుకోట పరిసరాల్లోని మెట్ట గ్రామాలనే తీసుకుంటే, ఇంటి లోపల ఫ్యాను, ఫ్రిజ్ మోగుతుంటాయి. బయట ఆయిల్‌పామ్ తోటలకు నీరు తోడే బోరు మోటార్లు, ట్రాక్టర్లు, కోళ్ళు వినిపిస్తాయి. పొద్దు గుంకగానే కీచురాళ్ళు మొదలవుతాయి. దక్షిణాన కొల్లేరు వైపు చేపల, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. ఇంత రొదలో తీసిన ముద్రణను కంప్యూటర్‌లో బాగుచేసుకోవచ్చుననే ధీమా నేడు చాలామందిలో ఉంది. పరిశోధన దృష్టితో చూస్తే అది ప్రమాదకరమైన ధీమా. పాడిన మనిషి మరోసారి పాడటానికి ఉండకపోవచ్చు.

స్థాయి నిర్ణయం

మైక్రోఫోన్ అందుకున్న సంకేతాన్ని రికార్డరు ఎంత పెంచి తీసుకోవాలో నిర్ణయించేది గెయిన్. అది మరీ ఎక్కువైతే తరంగ శిఖరాలు పరికరం కొలవగల గరిష్ఠ హద్దును, అంటే సున్నా డెసిబెల్‌ను తాకి, కత్తితో కోసినట్లు చదునవుతాయి. దీనినే క్లిప్పింగ్ అంటారు. కోసుకుపోయిన శిఖరం ఆకృతి దస్త్రంలో ఎక్కడా మిగలదు కనుక, తరువాత శబ్దాన్ని తగ్గించినా పగులు పోదు. గెయిన్ మరీ తక్కువైతే గొంతు పరికరపు సొంత రొదలో కూరుకుపోతుంది. ఈ రెండింటిలో మొదటిదే పెద్ద నష్టం. 24 బిట్ల ముద్రణకు సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్స్ వ్యాప్తి ఉంటుంది. 16 బిట్లకు అది 96 మాత్రమే. అందువల్ల 24 బిట్లలో కొంత తక్కువ స్థాయిలో తీసినా నష్టం స్వల్పం. మాట తాలూకు శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ ప్రాంతంలో ఉండేట్లు చూసుకుంటే, నవ్వుకూ పాట ఎత్తుగడకూ చోటు మిగులుతుంది.

స్థాయి పరీక్షలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. “ఏదైనా ఒక మాట చెప్పండి మామ్మగారూ” అని అడిగితే ఆమె బిడియంగా, మెల్లగా పలుకుతుంది. దానికి సరిపెట్టిన గెయిన్, ఆమె ఊడ్పుల పాట అందుకోగానే హద్దు దాటుతుంది. పాట ముద్రించవలసి ఉంటే పరీక్ష కూడా పాటతోనే జరగాలి.

సెల్‌ఫోన్లలో గెయిన్ దానంతటదే మారే ఏర్పాటు ఉంటుంది. మనిషి ఆగినప్పుడు అది గెయిన్‌ను పెంచి ఫ్యాను రొదను ముందుకు తెస్తుంది, మళ్ళీ మాట మొదలవగానే తగ్గిస్తుంది. వక్త ఏ మాటను నొక్కి పలికాడో, దేనిని తగ్గించి పలికాడో తెలిపే తేడా ఇందులో చెదిరిపోతుంది. వీలున్న చోట ఆ ఏర్పాటును ఆపివేయడం మేలు.

దూరం, గది

ఖర్చు లేని రొద నివారణ మైకును దగ్గరకు జరపడమే. బహిరంగ స్థలంలో దూరం రెట్టింపయిన ప్రతిసారీ గొంతు స్థాయి 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నాలుగడుగుల దూరంలోని మైకును అడుగు దూరానికి తెస్తే, గెయిన్ ముట్టకుండానే గొంతు రొదకంటె సుమారు 12 డెసిబెల్స్ పైకి లేస్తుంది. జానెడు దూరం ఇంకా మంచిది. అయితే నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకు ఉంచాలి. లేకుంటే ప, బ, ఫ, భల ఊపిరి మైకును నేరుగా కొడుతుంది.

గది లోపల ఈ లెక్క అంత నిక్కచ్చిగా సాగదు. గోడలు తిప్పికొట్టిన ధ్వని నేరుగా వచ్చే గొంతుతో కలిసిపోతుంది. కామవరపుకోట మండలంలోనే ఉన్న గుంటుపల్లి గుహల్లో వర్తులాకారపు చైత్యగృహం ఉంది. గుమ్మటపు కప్పుతో సహా ఇసుకరాతిలో తొలిచిన ఆ కట్టడంలో ధ్వనిని పీల్చుకునేది ఏదీ లేదు. సామాను లేని కొత్త డాబా గది కూడా చిన్న పరిమాణంలో అలాంటిదే. పరుపు, దుప్పట్లు, బట్టల దండెం ఉన్న పడకగది ప్రతినాదాన్ని తగ్గిస్తుంది. పెంకుటింటి వసారాలో ప్రతినాదం తక్కువగా ఉన్నా వీధి లోపలికి వస్తుంది. ఏది ఎంచుకోవాలో చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక నిమిషం విన్నాకే తేలుతుంది.

విద్యుత్ సరఫరా వల్ల పుట్టే 50 హెర్ట్‌జ్‌ల హుంకారం మరో చిక్కు. దాని అనుస్వరాలు 100, 150 హెర్ట్‌జ్‌ల వద్ద పురుష కంఠపు మూలస్వర పరిధిలోనే పడతాయి కనుక, వడపోత గొంతును కూడా కొంత తినివేస్తుంది. చార్జరు తీసివేసి పరికరాన్ని బ్యాటరీమీద నడపడమే సులువైన మందు. ఊరంతా విసుక్కునే కరెంటు కోత ధ్వనిముద్రకునికి మాత్రం ఆప్తబంధువు: ఫ్యాను, ఫ్రిజ్, బోరు మోటారు ఒక్కసారిగా మౌనం వహిస్తాయి.

సాఫ్ట్‌వేర్ చేయగలిగినది, చేయలేనిది

ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలోని రొద తగ్గింపు పద్ధతికి దగ్గరి మూలం 1979లో స్టీవెన్ బోల్ ప్రతిపాదించిన వర్ణపట వ్యవకలనం. మాట లేని కొన్ని క్షణాల నమూనా నుండి ఏ పౌనఃపున్యంలో ఎంత రొద ఉందో అంచనా వేసి, ఆ మేరకు మొత్తం ముద్రణలో తగ్గిస్తారు. ఫ్యాను, ఏరియేటరు వంటి నిలకడ రొదకు ఇది పనిచేస్తుంది. కోడి కూతకు, హారనుకు పనిచేయదు. అవి నమూనాలో ఉన్నట్లు మళ్ళీ రావు. తగ్గింపు మితిమీరితే గొంతు వెనుక నీటిబుడగలవంటి చప్పుళ్ళు పుడతాయి.

భాషా పరిశోధనకు అసలు ముప్పు ఇంకా సూక్ష్మమైనది. ఫ్యాను గాలి రొదకు, శ, ష, సల ఊష్మధ్వనికి, ఖ, ఘ, ధ, భలలోని మహాప్రాణపు ఊపిరికి వర్ణపటంలో పోలిక ఉంది. వాటిలో బలహీనమైనవాటిని సాఫ్ట్‌వేర్ రొదగానే ఎంచి తుడిచివేయవచ్చు. అప్పుడు వక్త “ధనం” అని పలికినా వినేవారికి “దనం” అని తోస్తుంది. ఆ మండలంలో మహాప్రాణం లోపించిందని పరిశోధకుడు రాస్తే, అది వక్త నాలుక చేసిన మార్పు కాదు, సాఫ్ట్‌వేర్ చేసినది. కృత్రిమ మేధ ఆధారిత ఉపకరణాల్లో కొన్ని లోపించిన ధ్వనిని ఊహించి పూరిస్తాయి కూడా. శ్రోతకు హాయిగా వినిపించే ఆ ధ్వని సాక్ష్యంగా పనికిరాదు.

కాబట్టి మూల దస్త్రాన్ని 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల వేవ్ రూపంలో ముట్టకుండా భద్రపరచి, శుద్ధి చేసిన ప్రతిని వేరే పేరుతో ఉంచాలి. శ్రోతల ప్రతిలో కూడా 6 నుండి 12 డెసిబెల్స్ తగ్గింపుతో ఆగడం మంచిది. రొద కొద్దిగా మిగిలినా అక్షరం నిలుస్తుంది. ముద్రణ మొదట్లో అర నిమిషంపాటు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని తీసుకోవాలి. రొద నమూనాకు పనికివచ్చేది అదే. తేదీ, ఊరు, మైకు దూరంతోపాటు “ఉక్కపోతవల్ల ఫ్యాను ఆపలేదు”, “పక్క తోటలో మోటారు నడుస్తున్నది” అనే వివరాలను కూడా నోటుపుస్తకంలో రాసుకుంటే, పదేళ్ళ తరువాత వినే మరో పరిశోధకుడు ఏది గొంతో ఏది మోటారో పోల్చుకోగలుగుతాడు.