చలిరాత్రి వాహనంలో చిక్కుకున్నప్పుడు

కర్నూలు, కడప ప్రాంతాల ప్రజలకు ఎండను గురించి ఎవరూ నేర్పనక్కరలేదు. నీడ విలువ, కుండనీటి విలువ మనకు బాగా తెలుసు. చలి విషయంలో మాత్రం మన అనుభవం స్వల్పం. జనవరిలో ఫజ్ర్ నమాజుకు వెళ్ళేటప్పుడు శాలువా కప్పుకుంటే మన చలి తీరిపోతుంది. అందువల్లనే ప్రయాణంలో నిజమైన చలి ఎదురైతే ఏమి చేయాలో మన కుటుంబాలలో చాలామందికి తెలియదు.

ఆ అవసరం నేడు మన గడప దాకా వచ్చింది. శ్రీశైలం వైపు నల్లమల అటవీ మార్గాలలో రాత్రిపూట రాకపోకలను నిలిపివేస్తారు; ఆలస్యమైన కుటుంబం చెక్‌పోస్టు వద్ద వాహనంలోనే తెల్లవారే దాకా గడపవలసి వస్తుంది. కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్‌లో ఒక లారీ అడ్డం తిరిగితే వెనుక వాహనాలన్నీ నిలిచిపోతాయి. ఇవి ఓర్చుకోగల చలిరాత్రులే. కాని సెలవులకు కశ్మీరు, మనాలి వెళ్ళే కుటుంబాలు మనలో ఉన్నాయి. మన బిడ్డలు అమెరికా, కెనడాలలో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడి చలి ప్రాణం తీయగలదు. పైగా ఇప్పుడు కొందరి చేతిలో ఉన్నది పెట్రోలు కారు కాదు, విద్యుత్ కారు. దాని మేలేమిటో, దాని పరిమితి ఏమిటో ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి.

పొగ లేని వేడి

2022 జనవరి 7వ తేదీ రాత్రి పాకిస్తాన్‌లోని మర్రీ కొండలలో భారీగా మంచు కురిసింది. మంచును చూడాలని వెళ్ళిన వేలాది వాహనాలు దారిలో చిక్కుకున్నాయి. తెల్లవారేసరికి ఇరవై మందికి పైగా తమ కార్లలోనే మరణించి ఉన్నారు. వారిలో చిన్నపిల్లలున్నారు. ఇంజిను నడుపుతూ, హీటరు వేసుకుని, అద్దాలు మూసుకుని నిద్రించినవారిని కార్బన్ మోనాక్సైడ్ వాయువు బలిగొని ఉంటుందని వైద్యులు భావించారు. మంచు పొగగొట్టాన్ని మూసివేస్తే ఆ వాయువు కారులోనికే చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోతున్నవారిని అది మేల్కొననివ్వదు.

విద్యుత్ కారులో ఇంజిను లేదు, పొగ లేదు. అందువల్ల ఈ ప్రమాదం దాని హీటరు వల్ల కలుగదు. అయితే ఛార్జింగ్ మిగుల్చుకోవాలని నిప్పుల కుంపటినో, గ్యాసు స్టవ్వునో లోపల వెలిగిస్తే అదే విషం మళ్ళీ తయారవుతుంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రించే ముందు దానిని ఆర్పివేయమని దైవప్రవక్త (సల్లం) బోధించారు. మూసిన వాహనంలో ఆ బోధనను మరింత శ్రద్ధగా పాటించాలి.

ఛార్జింగును యూనిట్లలో లెక్కించండి

మన ఇంటి కరెంటు బిల్లులోని యూనిట్లే కారు బ్యాటరీకీ కొలమానం. ఒక మధ్యతరగతి విద్యుత్ కారు బ్యాటరీలో సుమారు 40 యూనిట్లు పడతాయనుకుందాం. దారి మూసుకుపోయిన సమయానికి సగం, అంటే 20 యూనిట్లు మిగిలాయి. గట్టి చలిలో లోపలి వేడిని నిలపడానికి హీటరు గంటకు ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటే 13 గంటలలో బ్యాటరీ ఖాళీ అవుతుంది. నిజానికి అంత కూడా రాదు. చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది. దారి తెరుచుకున్నాక ఛార్జింగ్ కేంద్రం దాకా వెళ్ళడానికి కొంత మిగలాలి.

2022 జనవరి మొదటి వారంలో అమెరికాలోని వర్జీనియాలో ఐ–95 రహదారిపై మంచులో వందలాది వాహనాలు నిలిచిపోయాయి. కొందరు 24 గంటలకు పైగా అక్కడే ఉండిపోయారు. కాబట్టి ఒక రాత్రికి, ఒక పగటికి సరిపడేలా లెక్క వేసుకోవాలి.

ముందు ఒంటిని, తరువాత గాలిని

కారులోని గాలినంతా వేడి చేయడం ఖరీదైన పని. సీటును వేడిచేసే సదుపాయం ఉంటే, ఒక్కో సీటుకు గంటకు యూనిటులో పదోవంతు కూడా ఖర్చు కాదు. కనుక సీటు వేడిని వాడుతూ, హీటరును గంటకు కొద్ది నిమిషాలు మాత్రమే నడపండి. పిల్లలను, వృద్ధులను మధ్యన కూర్చోబెట్టి అందరిపైనా ఒకే కంబళి కప్పండి. మన గొర్రెలకాపరులు వాడే ఉన్ని కంబళికి ఛార్జింగ్ అవసరం లేదు! తడిసిన మేజోళ్ళను వెంటనే మార్చండి. తలను, చెవులను కప్పుకోండి. గాలి ఉక్కిరిబిక్కిరి కాకుండా అప్పుడప్పుడు అద్దం కొద్దిగా దించండి. మంచు పడుతుంటే తలుపు తెరుచుకునేలా దానిని తొలగిస్తూ ఉండండి. కారును విడిచి మంచులో నడవడానికి బయలుదేరకండి.

వణుకుతున్న మనిషికి వణుకు ఆగిపోయి మాట తడబడుతుంటే, అది కోలుకున్న గుర్తు కాదు, ప్రమాద సూచన. మన దేశంలో 112కు, అమెరికా, కెనడాలలో 911కు వెంటనే ఫోను చేయాలి.

ధర్మం ఇచ్చిన వెసులుబాటు

ఇటువంటి రాత్రి మన పెద్దలలో కొందరు గడ్డకట్టే నీటితోనే వుజూ చేస్తామని పట్టుబట్టవచ్చు. వారి భక్తి గౌరవనీయమే. కాని హిజ్రీ 8వ సంవత్సరంలో జాతుస్సలాసిల్ దండయాత్రలో ఏమి జరిగిందో వారికి మృదువుగా గుర్తు చేయాలి. తీవ్రమైన చలిరాత్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు స్నానం విధి అయింది. స్నానం చేస్తే ప్రాణం పోతుందని భయపడి ఆయన తయమ్ముమ్ చేసి, సహచరులకు ఫజ్ర్ నమాజు చేయించారు. ఈ సంగతి దైవప్రవక్త (సల్లం) సన్నిధికి చేరినప్పుడు, మిమ్మల్ని మీరు చంపుకోవద్దన్న దివ్యఖుర్‌ఆన్ ఆదేశాన్ని ఆయన తన సమాధానంగా విన్నవించారు. దైవప్రవక్త (సల్లం) నవ్వారు, ఏమీ అనలేదు. ప్రాణాన్ని కాపాడుకోవడం ఆరాధనకు అడ్డంకి కాదని ఆ చిరునవ్వు తెలుపుతున్నది.

చలిప్రాంతాలకు బయలుదేరే ముందు కంబళ్ళు, మేజోళ్ళు, ఖర్జూరాలు, ఫ్లాస్కులో వేడినీరు, టార్చిలైటు, తయమ్ముమ్‌కు కొద్దిగా శుభ్రమైన మట్టి ఒక సంచిలో సర్దుకోండి. బ్యాటరీ సగానికి తగ్గకముందే ఛార్జింగ్ చేసుకోండి. దూరదేశంలో ఉన్న బిడ్డకు ఈరోజే ఫోను చేసి ఈ విషయాలు చెప్పండి. ప్రాణం అల్లాహ్ మన చేతికిచ్చిన అమానతు. మనతో ప్రయాణించే వారందరి ప్రాణాలూ అంతే.