దీపముపై డిప్ప, ఆకాశమునకు రక్ష

పెండ్లినాటి రాత్రి పురోహితుడు వధూవరులను పందిటి వెలుపలికి తీసికొనిపోయి అరుంధతీ నక్షత్రమును చూపుట తెలుగువారి ఆచారము. సప్తర్షి మండలములోని వసిష్ఠ నక్షత్రము చెంతనే యుండు ఆ చిన్న చుక్క నాలుగవ తరగతికి చెందినది. ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రములను వాని కాంతినిబట్టి తరగతులుగా విభజింతురు. మిక్కిలి ప్రకాశవంతమైనవి మొదటి తరగతివి. చిమ్మచీకటి రాత్రి మంచి చూపు గలవానికి లీలగా కనిపించు కడపటి చుక్కలు ఆరవ తరగతివి. ఆరవ తరగతి వరకు లెక్కించినచో ఆకాశము మొత్తముమీద సుమారు 5,000 నక్షత్రములు గలవు. నాలుగవ తరగతితో ఆగినచో అవి సుమారు 500 మాత్రమే. నేడు పెద్ద నగరము నడుమ నిలిచి చూచువానికి ఆ 500 కూడ దక్కుట లేదు. అరుంధతి ఎక్కడికిని పోలేదు. ఆమెను కప్పివేసినది ఊరి దీపముల వెలుతురు.

ఈ నష్టము ఒక్క ఊరిది కాదు. మానవజాతిలో మూడవ వంతునకు పైగా ప్రజలు తామున్న చోటినుండి పాలపుంతను చూడజాలరని 2016లో వెలువడిన ప్రపంచ పటము తెలిపినది. 2011 నుండి 2022 వరకు సామాన్య ప్రజలు, ముఖ్యముగా ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములవారు, తమకు కనిపించిన చుక్కలనుబట్టి పంపిన పరిశీలనలను శాస్త్రజ్ఞులు క్రోడీకరించిరి. ఆకాశపు వెలుతురు సగటున ఏటేట 9.6 శాతము చొప్పున పెరిగినదని 2023లో తేలినది. ఈ లెక్కన ఎనిమిదేండ్లు తిరుగక మునుపే అది రెట్టింపగును.

చుక్కలు కనబడవలెనన్నచో ఊరు చీకటిలో మునుగవలసినదేనా? అక్కరలేదని విజ్ఞానశాస్త్రము చెప్పుచున్నది. అమెరికాలోని ఒక చిన్న నగరము దీనిని ఆచరణలో కూడ చూపినది. ఆ నగరము చేసిన పనిని గ్రహించుటకు ముందు వెలుతురు నడకను తెలిసికొనవలెను.

వెలుతురు ఆకాశమును చేరు విధము

వీధిదీపము నుండి వెలువడు కాంతిని మూడు పాళ్లుగా భావింపవచ్చును. క్రిందికి పోవు పాలు నేలమీద పడి బాటసారికి త్రోవ చూపును. దీపము పెట్టినది దీనికొరకే. ప్రక్కలకు పోవు పాలు దూరమున నున్నవాని కంటిలో సూటిగా పడును. పైకి పోవు పాలు ఎవరికిని ఉపయోగపడదు.

పైకి పోయిన కాంతి అంతయు అంతరిక్షమునకు వెడలిపోయినచో నక్షత్ర పరిశీలనకు అంతగా హాని యుండదు. కాని దారిలో గాలి అణువులు, ధూళి, నీటి తుంపరలు దానిని నలుదెసలకు చెదరగొట్టును. దీనిని పరిక్షేపణ మందురు. చెదరిన కాంతిలో కొంత తిరిగి నేలవైపునకు వచ్చును. రాత్రివేళ దూరమునుండి చూచినపుడు పట్టణముపై గుమ్మటమువలె కనిపించు వెలుగు ఇదియే. పగలు నక్షత్రములు కనబడకుండుటకు ఏది కారణమో, నగరపు రాత్రిలో అవి కనబడకుండుటకును అదియే కారణము.

గాలి అణువులు కాంతిని చెదరగొట్టు పరిమాణము ఆ కాంతి తరంగ దైర్ఘ్యపు నాలుగవ ఘాతమునకు విలోమానుపాతములో నుండునని రేలీ సూత్రము. తెల్లని ఎల్.ఇ.డి. దీపములలోని నీలికాంతి తరంగ దైర్ఘ్యము సుమారు 450 నానోమీటరులు. సోడియము దీపపు పసుపు కాంతిది 589 నానోమీటరులు. 589ని 450చే భాగించి, వచ్చిన దానికి నాలుగవ ఘాతము కట్టినచో సుమారు 3 వచ్చును. అనగా స్వచ్ఛమైన గాలిలో ఈ నీలికాంతి ఆ పసుపు కాంతి కంటె దాదాపు మూడు రెట్లు అధికముగా చెదరును. గాలిలో ధూళి పెరిగినకొలది ఈ తేడా తగ్గును.

ఈ వెలుగు ఊరి పొలిమేరలో ఆగదు. అది దూరముయొక్క రెండున్నరవ ఘాతమును బట్టి తగ్గునని అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు మెర్లె వాకర్ కొలతలవలన కనుగొనెను. దూరము రెట్టింపైనచో వెలుగు ఇంచుమించు ఆరవ వంతగును. కనుక నగరము ఆరింతలైనచో, దూరమును రెట్టింపు చేసికొని కొండమీదికి తరలిపోయిన వేధశాలకు కూడ మొదటి కష్టమే మరల ఎదురగును. పరుగెత్తి తప్పించుకొనుట కంటె వెలుతురును పుట్టిన చోటనే అదుపు చేయుట మేలని ఇందువలన తెలియుచున్నది.

మిరుమిట్లు చూపునకు శత్రువులు

ప్రక్కలకు పోవు కాంతి చేయు హాని వేరు. కంటిలోని కటకమును, ద్రవములను దాటునపుడు తీవ్రమైన కాంతి కొంత చెదరి నేత్రపటలముపై తెరవలె పరచుకొనును. ఆ తెరలో మసకగా నున్న వస్తువులు మరుగున పడును. ఎదురుగా వచ్చు మోటారుబండి దీపములు కంటబడినపుడు రోడ్డు ప్రక్కన నడచు మనిషి కానరాకుండుట ఇందువలననే. వయసు ముదిరి కంటి కటకము మసకబారిన కొలది ఈ తెర మరింత దట్టమగును. చీకటికి పూర్తిగా అలవాటు పడుటకు కంటికి 20 నుండి 30 నిమిషములు పట్టును. ఒక్క తీవ్రమైన దీపము ఆ అలవాటును క్షణములో చెరచును.

కాబట్టి అధికమైన వెలుతురు అధికమైన చూపు కాదు. కంటిలో గ్రుచ్చుకొను దీపము వెనుక, దాని నీడలో నిలిచిన దొంగను ఎవ్వరును పసిగట్టలేరు. పల్లెలలో లాంతరు పట్టుకొని నడచువాడు తన కంటికిని దీపమునకును నడుమ అరచేయి అడ్డము పెట్టుకొనును. లాంతరు వెలుగు పెరుగలేదు, త్రోవ మాత్రము స్పష్టముగా కనిపించును. దీపముల శాసనము కోరునది ఆ అరచేయివంటి అడ్డమునే. దీపముపై సరియైన డిప్ప అమర్చినచో కాంతి నేలపై మాత్రమే పడును. 10,000 ల్యూమెనుల దీపములో మూడు పదవ వంతులు ప్రక్కలకును పైకిని వ్యర్థమగుచున్నవనుకొందము. డిప్పతో దానిని మరల్చగలిగినచో 7,000 ల్యూమెనుల దీపము అదే పనిని చేయును. విద్యుచ్ఛక్తి కూడ ఆ మేరకు మిగులును.

ఫ్లాగ్‌స్టాఫ్ చూపిన దారి

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, సముద్రమట్టమునకు సుమారు 2,100 మీటరుల ఎత్తున ఫ్లాగ్‌స్టాఫ్ నగరము గలదు. 2020 లెక్కలలో దాని జనాభా సుమారు 77 వేలు. పెర్సివల్ లోవెల్ 1894లో అక్కడ ఒక వేధశాలను స్థాపించెను. 1930 ఫిబ్రవరి 18న క్లైడ్ టాంబా ప్లూటోను కనుగొన్నది అక్కడనే. కొన్ని దినముల తేడాతో తీసిన రెండు ఫోటోగ్రాఫ్ పలకలను సరిపోల్చి, లెక్కకు మిక్కిలియైన చుక్కల నడుమ ఒక్కటి జరిగినదని అతడు గుర్తించెను. ఆ చుక్క కాంతి ఇంచుమించు పదునైదవ తరగతిది. కంటికి కనిపించు కడపటి నక్షత్రము కంటె సుమారు 4,000 రెట్లు మందము. ఆకాశము వెలవెలబోయి యున్నచో అట్టి చుక్క పలకపై నిలువదు.

1955లో అమెరికా నౌకాదళ వేధశాల కూడ తన శాఖను అచ్చట నెలకొల్పినది. ఆ కాలమున వర్తకులు జనమును ఆకర్షించుటకు ఆకాశములోనికి సర్చిలైటులు త్రిప్పుచుండిరి. 1958 ఏప్రిల్ 15న నగర పాలకమండలి అట్టి ప్రకటన దీపములను నిషేధించుచు శాసనము చేసెను. స్థానిక ప్రభుత్వము ఆకాశమును కాపాడుటకు చేసిన తొలి శాసనములలో అది ఒకటి. తరువాత ఇరువది ఏండ్లకు, 1978లో, నౌకాదళ వేధశాలకు చెందిన జేమ్స్ క్రిస్టీ ప్లూటోకు ఒక ఉపగ్రహ మున్నదని కనుగొనెను. దానికి షేరన్ అని పేరిడిరి. ఆ ఆవిష్కరణకు ఆధారమైన పలకలు ఫ్లాగ్‌స్టాఫ్‌లోని 61 అంగుళముల దూరదర్శినితో తీసినవే.

కాని నగరము పెరిగినకొలది సర్చిలైటుల నిషేధము మాత్రమే చాలలేదు. 1989లో నగరము శాసనమును విస్తరించినది. వేధశాలలకు గల సామీప్యమునుబట్టి ప్రాంతములను మండలములుగా విభజించి, వాణిజ్య స్థలములలో ఎకరమునకు ఇన్ని ల్యూమెనులకు మించరాదని హద్దు పెట్టినది. వేధశాలలకు మిక్కిలి దగ్గరగా ఆ హద్దు 25,000. దూరముగా నున్న మండలములో 1,00,000. ఇందలి కిటుకు గమనింపదగినది. ఒక్కొక్క దీపమునకు హద్దు పెట్టినచో వర్తకుడు దీపముల సంఖ్యను పెంచును. స్థలము మొత్తమునకు హద్దు పెట్టినచో ఉన్న వెలుతురును వృథా చేయక వాడుకొనుట అతనికే లాభము. 2001లో ఫ్లాగ్‌స్టాఫ్ ప్రపంచమునందలి మొదటి ‘అంతర్జాతీయ చీకటి ఆకాశ నగరము’గా గుర్తింపు పొందినది.

శాసనమునకు మూల సూత్రములు

ఇటలీలోని లొంబార్డీ 2000లోను, స్లొవేనియా 2007లోను, ఫ్రాన్సు 2018లోను ఇట్టి నిబంధనలను చేసినవి. దేశములు వేరైనను వానికి ఆధారమైన సూత్రములు నాలుగే. మొదటిది దిక్కు: దీపమునకు డిప్ప యుండవలెను, క్షితిజరేఖకు పైగా కాంతి పోరాదు. రెండవది పరిమాణము: పనికి చాలినంత వెలుతురే యుండవలెను. మూడవది రంగు: నీలికాంతి తక్కువగా నుండవలెను. నాల్గవది వేళ: అంగడి మూసిన పిదప దాని ప్రకటన దీపము, ఆట ముగిసిన పిదప మైదానపు దీపము ఆరవలెను.

ఈ సూత్రములు ఖగోళ శాస్త్రజ్ఞులకే కాదు, మూగజీవములకును మేలు చేయును. సముద్రపు తాబేలు పిల్లలు ఇసుకలో గ్రుడ్డు పగిలి బయటపడగానే, వెలుతురుగా నున్న దిక్కునకు ప్రాకును. సహజమైన తీరమున ఆ దిక్కు సముద్రమే. తీరమున దీపములున్నచో అవి రోడ్డువైపు ప్రాకి మరణించును. అందుచేత అమెరికాలోని ఫ్లోరిడా తీరమున అనేక స్థానిక ప్రభుత్వములు తాబేళ్లు గ్రుడ్లు పెట్టు ఋతువులో దీపములపై ఆంక్షలు విధించినవి. ఆంధ్ర తీరమున గ్రుడ్లు పెట్టు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లలకును ఇదే గండము.

హైదరాబాదు నుండి హాన్లే వరకు

వెలుతురుకు వెనుదీసిన కథ తెలుగు దేశమున కూడ గలదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు చేరినది. ఆకాశమంతటిని ఫోటోలు తీయుటకు 1887లో ఆరంభమైన అంతర్జాతీయ కృషిలో అది పాలుగొని, లక్షల కొలది నక్షత్రముల స్థానములను కొలిచినది. నగరము ఆ ప్రాంతమును చుట్టుముట్టినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నగరమునకు దూరముగా, జపాల్-రంగాపూర్ గ్రామముల చెంత నెలకొల్పవలసి వచ్చెను.

2022 డిసెంబరులో లడఖ్ పాలనాధికారులు మరియొక దారి త్రొక్కిరి. సుమారు 4,500 మీటరుల ఎత్తున హాన్లే వద్ద నున్న భారత ఖగోళ వేధశాల చుట్టును 22 కిలోమీటరుల మేర ప్రాంతమును చీకటి ఆకాశ రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. ఇచ్చట పల్లెజనమే ఆకాశమునకు కావలి. కిటికీలకు తెరలు, దీపములకు డిప్పలు అమర్చుకొని, సందర్శకులకు చుక్కలను చూపి వారు కొంత ఆదాయమును కూడ పొందుచున్నారు.

పాఠశాలలు చేయదగిన పని

దీనిని అర్థము చేసికొనుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. చలికాలమున, చంద్రుడు లేని రాత్రి, విద్యార్థులు కృత్తికలలో తమకెన్ని చుక్కలు కనిపించునో లెక్కింపవలెను. ఒకసారి వీధిదీపము క్రింద, మరియొకసారి చీకటిలో అరగంట నిలిచి చూడవలెను. చీకటిగల పల్లెలో సాధారణముగా ఆరు కనిపించును. ఒకే తరగతిలోని పిల్లలు వేర్వేరు వీధులనుండి లెక్కలు తెచ్చి ఊరి పటముపై గుర్తించినచో, ఏ వీధిదీపములకు డిప్పలు అవసరమో పంచాయతీకి గాని పురపాలక సంఘమునకు గాని చూపగల సాక్ష్యము సిద్ధమగును.

మలినమైన నదిని శుభ్రపరచుటకు ఏండ్లు పట్టును. నేలలో ఇంకిన విషము తరములు నిలుచును. వెలుతురు మాలిన్యము అట్టిది కాదు. దీపమును క్రిందికి వంచిన క్షణముననే దానివలన చెదరు వెలుతురు తగ్గును. ఇంత సులువుగా తిరిగి పొందదగిన సంపద మరియొకటి అరుదు. అందుకు కావలసినది ఒక డిప్ప, ఒక మీట, వానిని వాడుటకు ఊరివారు కలిసి చేసికొను కట్టుబాటు.