కల్తీ కల్లు మానిన మెదడు

రేగోడువంటి మెదకు పల్లెలలో కల్లు క్రొత్త కాదు. చెట్టునుండి దింపిన కల్లు వేరు, క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్లు వేరు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో దాడులు ముమ్మరమై కల్తీ సరకు ఆగిపోగా, వందలాది మంది చేతులు వణకుచు, పొంతనలేని మాటలాడుచు ఆసుపత్రులలో చేరిరి.

కారణమేమి? గాబా అను రసాయనము మెదడులోని నాడీకణముల ఉద్రేకమును అణచును. పై మందులు ఆ పనికి బలమిచ్చును. ఈ బలము నెలల తరబడి బయటినుండి లభించినచో కణములు గాబాకు స్పందించుట తగ్గించుకొనును. అప్పుడు మందు హఠాత్తుగా ఆగెనా, పలుపు తెంచుకొన్న ఎద్దువలె మెదడు చెలరేగును. మూర్ఛలు వచ్చును, ప్రాణమే పోవచ్చును. కావుననే వైద్యులు మోతాదును వారముల తరబడి కొద్దికొద్దిగా తగ్గింతురు. “పౌరుషమున్నచో ఒక్కనాడే మానరాదా?” అను ఎత్తిపొడుపు మన ఊళ్లలో వినవచ్చుచుండును, శరీరధర్మము తెలిసినవారు ఆ మాట అనరు.

జైలునుండి విడుదలైనవానికి మరియొక గండము. మత్తు దొరకని కాలములో శరీరము దానిని తట్టుకొను శక్తిని కోల్పోవును. బయటికి రాగానే పాత మోతాదే త్రాగినచో శ్వాస ఆగవచ్చును.

వ్యసనమునకు మూలము కొందరిలో బాల్యముననే యుండును. 1998లో ఫెలిట్టి, ఆండా మున్నగువారు అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో, దెబ్బలు, నిందలు, ఇంట తాగుడు వంటి కష్టములను నాలుగు రకములకు తక్కువకాకుండ అనుభవించినవారికి మద్యము, మత్తుమందుల వ్యసనము వంటి ముప్పులు, ఏ కష్టము నెరుగనివారికంటె 4 నుండి 12 రెట్లు అధికమని తేలినది. మానిన తరువాత నిద్ర, నెమ్మది కుదురుటకు కొందరికి నెలలు పట్టును; ఆ నెలలలో కూలిపని దొరకుట, ఆసుపత్రికి తోడువచ్చు మనిషి ఉండుట కూడ చికిత్సలో భాగమే.