గడ్డకట్టే చలిలో కోళ్లకు పులిసిన మేత పెట్టవచ్చా?

అమెరికాలో గుడ్ల ధరలు మండిపోయాక పెరట్లో నాలుగైదు కోళ్లు పెంచుకుంటున్న తెలుగు ఇళ్లు ఉన్నాయి. వేసవిలో మేతను పులియబెట్టి వేయడం అలవాటైనవారికి డిసెంబర్ రాగానే ఒకటే సందేహం. మిషిగన్, మిన్నెసోటా లాంటి చోట్ల ఎముకలు కొరికే చలిలో ఈ తడి మేత పెట్టవచ్చా? పెట్టవచ్చు. కాకపోతే తడి విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

పులియడం గురించి మనకు కొత్తగా చెప్పేదేముంది? ఇడ్లీ పిండిలో, తరవాణిలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. మంచి బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ పులుపులో చెడ్డ సూక్ష్మజీవులు పెరగడం కష్టం. గింజల్లో ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం కూడా కొంత విరుగుతుంది.

చలికి ఇడ్లీ పిండి మొండికేసినట్టే మేతా మొండికేస్తుంది. అందుకే గ్యారేజీలో కాకుండా ఇంట్లో పెట్టాలి. గాజు జాడీలో మేత పోసి, పైన రెండంగుళాలు నిలిచేలా నీళ్లు పోయండి. మేత ఉబ్బుతుంది కనుక మళ్లీ చూసి పోస్తుండాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ పులియనివ్వదు. ఒక రాత్రి మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది. క్లోరమైన్ కలిపే ఊళ్లలో మాత్రం అలా పోదు, కార్బన్ ఫిల్టర్ నీళ్లే వాడాలి. మూత వదులుగా పెట్టి రోజూ రెండుసార్లు కలిపితే, 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మూడు రోజుల్లో పెరుగులాంటి పుల్లటి వాసన వస్తుంది. పైన పల్చటి తెల్లపొర కడితే అది ఈస్టు, ఫర్వాలేదు. నూగుగా పచ్చటి, నల్లటి బూజు పట్టినా, కుళ్లు కంపు కొట్టినా మొత్తం పారేయాల్సిందే. పైపైన తీసేసి మిగతాది పెడితే కోళ్ల ప్రాణానికే ముప్పు.

ఇక అసలు సంగతి. కోడి తల మీది ఎర్రటి తురాయి, గడ్డం కింద వేలాడే తోలు తడిస్తే, తీవ్రమైన చలిలో అవి గడ్డకట్టి నల్లబడి, చివరికి ఊడిపోతాయి. కాబట్టి జారుగా ఉన్న మేతను అలాగే పోయకండి. జల్లెడలో బాగా వడకట్టి, ముద్దగా అయ్యాకే వెడల్పాటి లోతులేని రబ్బరు తొట్టిలో పెట్టండి. రబ్బరైతే గడ్డకట్టినా వంచి దులిపేయవచ్చు. వడకట్టిన పుల్లనీళ్లు పారబోయకుండా తర్వాతి జాడీలో పోస్తే అది త్వరగా పులుస్తుంది.

తెల్లవారాక, ఇరవై నిమిషాల్లో తినేసేంతే పెట్టి, మిగిలింది వెంటనే తీసేయాలి. బయట వదిలేస్తే ఎలుకలు, అడవి పక్షులు వస్తాయి. 2022 నుంచి అమెరికాలో బర్డ్ ఫ్లూ ఉంది కనుక ఆ పక్షులను దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది. గూడు లోపల మాత్రం తడి మేత అసలు పెట్టవద్దు. కోళ్ల ఊపిరితో, రెట్టలతో అక్కడ ఇప్పటికే చెమ్మ ఉంటుంది. తురాయి చెడిపోవడానికి బయటి చలితో పాటు గూటిలోని ఆ చెమ్మా కారణమే.

గుడ్లు పెట్టే కోడికి రోజుకు పావు పౌను మేత కావాలి. పొద్దున సగం పులిసిన మేతగా పెట్టి, మిగతా సగం పొడిగా అందుబాటులో ఉంచితే సరిపోతుంది. చీకటి పడేముందు గుప్పెడు మొక్కజొన్న నూక చల్లితే రాత్రంతా అది అరుగుతూ ఒంటికి వేడినిస్తుంది. మేతలో నీళ్లున్నాయి కదా అని తాగే నీళ్లు తగ్గించకండి. అవి గడ్డకట్టకుండా చూడటం ఈ మేత కన్నా ముఖ్యం. మిగిలిన ఇడ్లీ పిండి వేయడం కూడా అలవాటు చేయవద్దు, అందులో ఉప్పు ఉంటుంది.

పులిసిన మేత వేస్తే చలికాలంలోనూ గుడ్లు ఆగవనే మాట నమ్మి ఆశపడకండి. గుడ్లు తగ్గేది పగలు కురచ కావడం వల్ల. పొద్దు పొడవకముందే ఆఫీసుకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవారైతే వారం రోజులూ పొడి మేతే వేసి, శని ఆదివారాల్లో మాత్రం ఇది పెట్టండి. కోళ్లకు దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు.