జావా వెబ్ అప్లికేషన్ డైరెక్టరీ నిర్మాణం

జావా భాషలో వ్రాసిన వెబ్ అప్లికేషనును సర్వరులో నెలకొల్పునపుడు దాని ఫైళ్ళను అమర్చే పద్ధతిని జావా వెబ్ అప్లికేషన్ డైరెక్టరీ నిర్మాణం అంటారు. 1999లో వెలువడిన సర్వ్‌లెట్ 2.2 ప్రమాణం దీనిని నిర్దేశించింది. అపాచీ టామ్‌క్యాట్ వంటి సర్వర్లు ఈ పద్ధతిని అనుసరిస్తాయి.

అమరిక

టామ్‌క్యాట్‌లో సాధారణంగా 'వెబ్‌యాప్స్' అనే డైరెక్టరీలో ఒక్కొక్క అప్లికేషనుకు ఒక్కొక్క ఉపడైరెక్టరీ ఉంటుంది. బ్రౌజరుకు చేరవలసిన పుటలను, బొమ్మలను అందులో నేరుగా ఉంచుతారు. తక్కినవాటిని దాని లోపల 'వెబ్-ఇన్ఫ్' అనే డైరెక్టరీలో ఉంచుతారు. ఈ పేరును ఆంగ్లపు పెద్ద అక్షరాలలోనే వ్రాయాలి. ఇందులోని ముఖ్య భాగాలు:

* క్లాసెస్ - కంపైలు చేసిన ప్రోగ్రాములు
* లిబ్ - 'జార్' రూపంలోని లైబ్రరీలు
* వెబ్.ఎక్స్ఎమ్ఎల్ - ఏ చిరునామాకు ఏ ప్రోగ్రాము బదులివ్వాలో తెలిపే ఫైలు. 2009 నాటి సర్వ్‌లెట్ 3.0 నుండి ఇది తప్పనిసరి కాదు.

ప్రాముఖ్యత

వెబ్-ఇన్ఫ్‌లోని ఏ ఫైలునూ సర్వరు బయటివారికి నేరుగా అందించరాదని ప్రమాణం శాసిస్తుంది. డేటాబేసు సంకేతపదం గల ఫైలును దీని వెలుపల, పుటల ప్రక్కన ఉంచినచో, ఆ ఫైలు పేరు ఊహించినవారెవరైనా దానిని బ్రౌజరులో చదువగలరు.

వాడుకరులు ఎక్కించే ఫైళ్ళను మాత్రం అప్లికేషను డైరెక్టరీలో ఎక్కడా ఉంచరాదు. కొత్త 'వార్' ఫైలును నెలకొల్పినపుడు టామ్‌క్యాట్ పాత డైరెక్టరీని తొలగిస్తుంది. వాటితోపాటు ఆ ఫైళ్ళూ పోతాయి. కనుక వాటికి సర్వరులో వేరొక చోటు కేటాయించాలి.