కవాట శస్త్రచికిత్సకు ముందు సీటీ స్కాన్ ఎందుకు?

గుండెకు పోషణ దాని గదుల్లో నిండిన రక్తం నుండి గాక, గుండె కండరంలో వ్యాపించిన నాళాల ద్వారానే అందుతుందని 13వ శతాబ్దపు వైద్యుడు ఇబ్నె నఫీస్ రాశారు. హృదయ కవాటాన్ని మార్చే ముందు శస్త్రవైద్యుడు తెలుసుకోగోరేది ఆ నాళాల స్థితినే. వాటిలో పూడిక ఉంటే అదే ఆపరేషన్‌లో బైపాస్ కూడా చేయవలసి రావచ్చు.

మణికట్టు నుండో తొడ నుండో సన్నని గొట్టాన్ని పంపి చేసే యాంజియోగ్రామ్ ఇందుకు చిరకాలంగా ఉన్న పద్ధతి. పూడిక ఉండే అవకాశం తక్కువగా ఉన్నవారికి ఇప్పుడు సీటీ స్కాన్ చాలావరకు సరిపోతున్నది. చేతి సిరలోకి అయోడిన్ గల మందు ఎక్కించి, కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టమంటారు. నాడి నిమిషానికి 60 దరిదాపుల్లో ఉంటే చిత్రం స్పష్టంగా వస్తుంది. వేగంగా కొట్టుకునేవారికి ముందుగా మాత్ర ఇస్తారు. నాళాలు శుభ్రంగా కనిపిస్తే సాధారణంగా గొట్టం అవసరం ఉండదు. అయితే సున్నం బాగా పేరుకున్న నాళాల్లో సీటీ పూడికను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపగలదు. అప్పుడు పాత పద్ధతినే ఆశ్రయించాలి. డబ్బు గుంజడానికే రెండో పరీక్ష రాశారని అనుమానించడం అన్నివేళలా న్యాయం కాదు.

మూత్రపిండాల జబ్బు, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, గతంలో ఏదైనా ఇంజెక్షన్ పడకపోవడం వంటివి దాచకుండా చెప్పాలి. రమజాన్‌లో పరీక్ష పడితే కొందరు పెద్దలు నీళ్లు ముట్టకుండానే వెళ్తారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మందు మూత్రపిండాలకు మరింత భారం. వ్యాధిగ్రస్తులు ఉపవాసాలను తర్వాత పూర్తి చేసుకోవడానికి ఖుర్‌ఆన్ (2:184) అనుమతించింది. తేదీ మార్చే వీలుందేమో డాక్టరును అడగండి. లేకుంటే, ఆయన వద్దనకపోతే, ఆ రోజు నీళ్లు తాగించే తీసుకెళ్లండి.