బండిని పైకెత్తునపుడు

ఒకప్పుడు మన గృహములకు ఎడ్లబండి యెట్టిదో, నేడు స్కూటరును, మోటారుసైకిలును, కారును అట్టివి. బిడ్డలను బడికి దింపుటకును, సంతకు బోయి వచ్చుటకును, జబ్బుపడిన పెద్దలను ఆసుపత్రికి జేర్చుటకును మనలో ననేకులు తామే బండి నడుపుచున్నారు. నడప నేర్చినవారు దాని పోషణమును గూడ కొంత యెఱుగవలదా? చక్రమును విప్పుటకును, చైనునకు నూనె పెట్టుటకును, అడుగున బేరుకొన్న బురదను గడుగుటకును బండిని నేలనుండి కొంచెము పైకెత్తవలసి వచ్చును. పని చిన్నదే గాని దాని యపాయము చిన్నది కాదు. ఎత్తిన బండి జాఱి మీదబడి కాళ్లు విఱిగినవారును, ప్రాణములు గోల్పోయినవారును గలరు. కావుననే యీ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయబూనితిమి.

మన విజయనగరము, శ్రీకాకుళము సీమలలో ఈ పని తఱచుగా దటస్థించుటకు గారణము గలదు. సముద్రపు ఉప్పుగాలి యినుమును త్వరగా దినివేయును. అది చాలనట్లు తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున దీరము దాటిన తిత్లీ తుపాను మనవా రెవరును మఱువలేదు. నీటిలో నానిన బండి చక్రములలో నొండ్రుమట్టి చేరును, బ్రేకులు పట్టివేయును. ఇరుసునకు కందెన యెట్టిదో చైనునకు నూనెయు అట్టిదే. ఉపేక్షించిన బండి నడిదారిలో మోసపుచ్చును.

భారము నెత్తుట యనగానే బలమే కావలెనని తలంతురు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున సర్కసు నెలకొల్పి, 1942లో గీర్తిశేషులైన కోడి రామమూర్తి నాయుడుగారు ఱొమ్ముపై నేనుగు నెక్కించుకొనెడివారనియు, కదలిన మోటారుకార్లను బట్టి నిలిపెడివారనియు బ్రసిద్ధి. శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణమునకు వారి పేరే పెట్టియున్నారు. అట్టి బలము కోటికొకరికి లభించును; మనకది యక్కఱలేదు. గునపము క్రింద జిన్నరాయి నుంచి పెద్దబండను గదలించు కూలియువతిని జూచినవారికి యుక్తి యేమో తెలియును. జాకీ యందలి మర్మమును అదియే. పిడిని మన చేయి ఎన్నో మార్లు త్రిప్పును. బండి వ్రేలెడు మాత్రమే లేచును. చేయి తిరిగిన దూర మెక్కువ యగుటచే వలసిన బలము తక్కువ యగును. అందుచే నెత్తుట సులభమే. ఎత్తినదానిని నిలుపుటయే కష్టము.

క్షీరసాగర మథన కథ మీ కందఱకును దెలిసినదే. దేవదానవులు మందరమును సాగరమున నుంచి చిలుకబూనిరి గాని, అడుగున నాధారము లేక యా కొండ క్రుంగిపోయినది. కూర్మమై వీపు నొగ్గిన స్వామి వలననే యది నిలిచినది. ఆ కూర్మనాథుని యాలయము శ్రీకాకుళమునకు సమీపముననే, శ్రీకూర్మమున గలదు. జాకీ బండిని లేపును. దానిని నిలుపుటకు వేఱొక కూర్మము కావలెను. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొనిన చాలును.

కారు నెత్తు విధము

మొట్టమొదట నేలను జూడవలెను. వాలునేల, ఇసుకనేల, వానకు నానిన వాకిలి పనికిరావు. గట్టి సమతలము కావలెను. మఱియొక చోటు దొరకనిచో జాకీ క్రింద మందమైన వెడల్పు పలక వేయవలెను. బండిలోని వారందఱు దిగవలెను. హ్యాండు బ్రేకు వేసి, గేరులో నుంచి, ఎత్తబోవు చక్రమునకు ఎదురుకొననున్న చక్రములకు ముందు వెనుకల రాళ్లో కొయ్యచీలికలో అడ్డుపెట్టవలెను. చాల కార్లలో హ్యాండు బ్రేకు వెనుక చక్రములనే పట్టును. వెనుక చక్రము గాలిలోనికి లేచినచో దాని పట్టు సగమైపోవును. అందుకే రాళ్లు తప్పనిసరి.

చక్రపు నట్లను బండి నేలమీద నున్నపుడే పానాతో నొక పాతికచుట్టు వదులు చేయవలెను. ఎత్తిన పిదప బలముగా లాగినచో చక్రము తిరుగును, బండియు నూగి జాకీనుండి జాఱును. జాకీని ఎక్కడబడిన నక్కడ నానింపరాదు. తలుపుల క్రింది యంచున దానికై బలపఱచిన తావులు గలవు. బండితో నిచ్చిన పుస్తకమున బొమ్మతో జూపియుందురు. చక్రము నేలను విడుచునంత మాత్రమే యెత్తవలెను. స్టెప్నీ చక్రమును బండి యంచు క్రింద బరుండబెట్టినచో, జాకీ తప్పినను బండి పూర్తిగా నేలగూలదు. పని ముగిసిన పిదప నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించి, దింపిన తరువాత మఱల గట్టిగా బిగింపవలెను.

బండితో వచ్చిన చిన్నజాకీ చక్రము మార్చుటకే గాని, దాని నమ్మి క్రిందికి దూఱుటకు గాదు. చిన్నకారైనను ఏడెనిమిదివందల కిలోల బరువుండును. నూనె బలముతో లేచు జాకీ మఱింత నమ్మరానిది. లోపలి రబ్బరు అరిగినచో చప్పుడు లేకయే దిగిపోవును. క్రిందికి బోవలసిన పనికి కాళ్లు వెడల్పుగా నుండి చీలతో బిగియు ఇనుపస్టాండ్లు వేఱుగా గలవు. వానిపై బండిని దింపి, చేతితో నొకమాఱు ఊపి చూచి, కదలకున్న పిమ్మటనే క్రింద చేయి పెట్టవలెను. స్టాండ్లు లేని యింట ఆ పని పెట్టుకొనక మెకానిక్కునకు విడుచుటయే మేలు.

ఇటుకలు, సిమెంటుదిమ్మెలు పేర్చి స్టాండ్లకు బదులు వాడుట మేము జూచియున్నాము. ఇటుక ముందుగా వంగి హెచ్చరించునది కాదు, ఒక్కసారిగా బగులును. మే మెఱిగిన యొక గృహమున నట్లే పగిలినపుడు, ఆ యింటి కుఱ్ఱడు పానా కొఱకు బయటికి వచ్చియుండుటచే మాత్రమే బ్రదికినాడు. అదృష్టమును నమ్మి చేయదగిన పని యిది కాదు.

స్కూటరు, మోటారుసైకిలు

రెండుచక్రముల బండిని నడిమి స్టాండుపై నెత్తుటకు జబ్బబలము గాక దేహపు బరువు వాడవలెను. రెండు చక్రములును సమముగా నున్న చోట నిలిచి, ఎడమచేత హ్యాండిలును, కుడిచేత వెనుక పట్టుకమ్మిని బట్టి, స్టాండు రెండు కాళ్లును నేలకు దగిలిన పిదప, కుడిపాదముతో దాని మెట్టును నిండుబరువుతో ద్రొక్కవలెను. బండి తానే వెనుకకు బోయి లేచును. నడుము వంచి చేతులతో లాగినచో నడుమునొప్పియే ఫలము. గర్భిణులును, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారును దీనికి బూనుకొనరాదు.

వెనుక చక్రము గాలిలో నున్నపుడు ఇంజను నడిపించి గుడ్డతో చైను తుడుచుట కంటె ఘోరమైన అలవాటు లేదు. గుడ్డతోబాటు వ్రేళ్లును పండ్లచక్రములోనికి బోవును. తాళము దీసి, చక్రమును చేతితో మెల్లగా ద్రిప్పుచు, చైను కదలక యున్నపుడే తుడువవలెను. విద్యుత్తు స్కూటరు చప్పుడు చేయదు గనుక దానియెడ నీ జాగ్రత్త రెట్టింపు కావలెను. చీర చెఱగు నడుమున జెక్కుకొనుట, జడ ముడి వేసికొనుట, గాజులు దీసి ప్రక్క నుంచుట మఱువరాదు.

మంచుదేశములలోను నిదే ధర్మము. కెనడాలో 1934లో బొంబార్డియే యను యంత్రకారుని రెండేండ్ల కుమారుడు, దారులు మంచుచే మూసికొనిపోగా, వైద్యము సకాలమున నందక మరణించెను. ఆయన మంచుపై బోవు బండ్లకై పాటుపడి 1937లో పేటెంటు పొందెను. 1959లో స్కీ-డూ యను చిన్న మంచుబండిని విడుదల చేసెను. ముందు జాఱుడుపలకలు, వెనుక రబ్బరుపట్టా గల యీ బండ్లు రెండుమూడువందల కిలోలు తూగును. పట్టా బిగువు చూచుటకు వెనుకభాగమును స్టాండుపై నెత్తుదురు. తిరుగు పట్టా రాతిముక్కలను విసరును గనుక వెనుక నెవరును నిలువరాదని వారి నియమము. బండి యేదైనను, ఎత్తిన బరువు నడుగున నిలుపవలెను. తిరుగుదాని వెనుక నిలువరాదు.

ఇక మన పని యేమి? బండి నెత్తునపుడు పిల్లలను లోపల నుంచుట మొదటిది. పని చేయువా రొంటరిగా నుండకుండ దగ్గఱ నొకరు నిలుచుట రెండవది. దైవవశమున నెవరైన క్రింద జిక్కినచో నొకరు 108కు ఫోను చేయుచుండగా, దొరికినవారిని బిలిచి ముందు బండిని లేపవలెను. చిక్కినవారిని పట్టి యీడ్వరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది మన నోటిమాట. భర్తయైనను కుమారుడైనను ఉత్త జాకీని నమ్మి “ఒక్క నిమిషమే గదా” యని క్రిందికి దూఱబోవునపుడు, స్టాండు పెట్టినగాని వీలులేదని గట్టిగా జెప్పుడు. కోపించుకొన్నను సరే, క్రిందికి బోనీయకుడు. బండి జాఱుటకు నిమిషమైనను బట్టదు.